అన్ని పెట్టెల్లోనూ రౌడీ

మా పెద్దనాన్నని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే కాటాగారు, వెనక్కి తిరిగితే ఒట్టి కాటా. కాటాలు రిపేరు చేసే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోదు. "కొలవకపోతే ఈ మనిషికి తిన్నది అరగదు. పెళ్ళైన కొత్తలో నేను అలిగి మాట్లాడ్డం మానేస్తే, బతిమాలడం పోయి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు" అంటుంది.

బజారు చివర, మేడమెట్ల కింద ఉండేది ఆయన షాపు. మనిషి నిలబడితే మెట్టు నెత్తికి తగిలేది. గోడ నిండా కొక్కాలు, కొక్కాలకి పళ్ళేలు, కింద ఇనప తూకం రాళ్ళు, వాటి మధ్య నూనె గుడ్డ. చిన్నప్పుడు నా పని ఆ షాపుకెళ్ళి ఆయన్ని ఏడిపించడం. ఆయన కాటా సరిచేస్తుంటే నేను బల్ల కింద వేలాడే పళ్ళేన్ని కాలి బొటనవేలితో కాస్త నొక్కేవాణ్ణి. ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు. "ఒరేయ్ వెధవా, కాలు తియ్" అనేవాడు. "మనిషి అబద్ధం ఆడతాడు గానీ కాటా ఆడదురా" అని ఆ వెంటనే ఒక ముక్క తగిలించేవాడు. ఆ ముక్క విని విని మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది.

తర్వాత అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి. అవి పాడైతే ఎవరూ బాగుచేయించుకోరు, అవతల పారేసి కొత్తవి కొనుక్కుంటారు. మెట్ల కింద షాపుకి తాళం పడింది. పెద్దనాన్న ఇంట్లో కూర్చుని పెద్దమ్మ వాడే పంచదారని కొలవడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళాలంటే భయం వేసేది, మనల్ని ఎక్కడ తూస్తాడో అని.

అలాంటి సమయంలో, మూసేసిన ఆ షాపు షట్టర్ మీదే ఒకరోజు తేనెటీగల గుంపు వచ్చి వాలింది. పక్క షాపువాళ్ళు కాగడా వెలిగించి కాల్చేస్తామన్నారు. పెద్దమ్మ పరుగెత్తుకెళ్ళి, ఒక అట్టపెట్టె, పాత దుప్పటి తెప్పించి, పక్షి ఈకతో ఆ గుంపుని మెల్లగా పెట్టెలోకి దింపేసింది. ఆవిడ పుట్టింట్లో తేనెటీగల్ని పెంచేవారట. ఇన్నేళ్ళలో ఆ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక్క ఈగ కూడా ఆవిణ్ణి కుట్టలేదు. అందుకే ఆ పట్టుకి 'చిన్నకోడలు' అని పేరు పెట్టింది. నోట్లో నాలుక లేని పిల్ల, పని చేసుకుపోతుంది, అంతే.

"మన షాపు నుంచి ఆఖరుగా వచ్చిన గిరాకీ ఇదేనయ్యా" అని పెద్దనాన్నతో అంది. ఆయన నవ్వాడు. షాపు మూశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఒక పెట్టె పక్కన ఇంకో మూడు చేరి, వాళ్ళింటి మేడ మీద నాలుగయ్యాయి. అన్నిటికీ పేర్లు పెద్దమ్మే పెట్టింది. దగ్గరికి వెళితే చాలు మీదపడి కుట్టేది గయ్యాళి. ఎండ నడినెత్తికి వస్తే గానీ గడప దాటనిది నిద్రమొహం. పక్క పెట్టెల్లో దూరి తేనె దోచుకొచ్చేది రౌడీ.

తేనెటీగలు పెంచేవాళ్ళకి పూలున్న రోజుల్లో బెంగ ఉండదు. పూలు లేని కాలం వస్తుంది చూడండి, అప్పుడు ఉంటుంది అసలు పరీక్ష. లోపల దాచుకున్న తేనె అయిపోతే పట్టు పట్టంతా ఆకలితో పోతుంది. అది కనిపెట్టి సమయానికి పంచదార పాకం పెట్టాలి. లోపల ఎంత ఉందో తెలియడానికి మూత తీసి చూడక్కర్లేదు. పెద్దమ్మ పెట్టె వెనక్కి వెళ్ళి, అడుగున నాలుగు వేళ్ళు పెట్టి, ఇంత ఎత్తు లేపి, మళ్ళీ దించేసేది. "ఉంది" అనేది, లేకపోతే "పెట్టాలి" అనేది. అంతే.

ఒక కాటా మనిషి కళ్ళెదుట ఇలాంటి ఘోరం జరిగితే ఊరుకుంటాడా?

"చేత్తో తూచడమేంటే? నీ చేతికి తూనికల ఆఫీసు ముద్ర ఎవరు వేశారు?" అన్నాడు.

"నిన్ను చేసుకున్నప్పుడు వేశారు. వెళ్ళి స్నానం చెయ్యి" అంది పెద్దమ్మ.

ఆయన స్నానం మానేసి పాత ఎలక్ట్రానిక్ కాటాల్ని విప్పి, వాటిలోని తూకం సెన్సర్లు తీసి, పెట్టెల కింద ఒక్కోటి అమర్చాడు. వైర్లు మేడ మీద గదిలోకి లాగాడు. గంట గంటకీ ప్రతి పెట్టె బరువూ ఒక పాత ల్యాప్‌టాప్‌లోకి చేరేట్టు చేశాడు. ఆ బరువుల్ని గీతలుగా గీయడానికి ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. మా ఇద్దరికీ గురువు ఒక్కటే, ఫోన్లో ఉచితంగా దొరికే వీడియోలు. ఆయన తేనె కోసం నేర్చుకున్నాడు, నేను అల్లరి కోసం. పెద్దమ్మ ఏ రోజు ఎంతసేపు తిడుతుందో నేను గ్రాఫ్ గీసి వంటగది తలుపుకి అంటించాను. ఆవిడ అది చూసి, "ఆదివారం గీత తక్కువగా ఉందేంట్రా" అని ఆ లోటు అక్కడికక్కడే పూడ్చింది.

ఆ ఏడాదే ఒక గొడవ జరిగింది. పెద్దమ్మ గయ్యాళిని ఎత్తి చూసి "పెట్టాలి" అంది. పెద్దనాన్న సెన్సర్ చూసి "అక్కర్లేదే, నిండుగా ఉంది" అన్నాడు. ఆవిడ వినకుండా పాకం పెట్టింది. అవసరం లేని పాకం వాసనకి రౌడీ దండెత్తి వచ్చింది, మేడ మీద యుద్ధమే జరిగింది, తెల్లారేసరికి గచ్చు నిండా చచ్చిన ఈగలు. ఆ రోజు చెయ్యి ఓడిపోయింది, కాటా గెలిచింది. గెలిచినవాడు ఊరికే ఉండడు కదా, ఒక చట్టం చేశాడు.

"ఇక మీదట పెట్టెలు ఎత్తకు. నువ్వు ఎత్తి దించినప్పుడల్లా సెన్సర్ సున్నా జరిగిపోతోంది. లెక్కలన్నీ పాడవుతున్నాయి."

"సరేలే. నీ కాటా ఉందిగా" అంది పెద్దమ్మ. గొంతులో కోపం లేదు. గయ్యాళి విషయంలో తప్పు ఆవిడదే అని ఆవిడా ఒప్పుకుంది. చేతులు కొంగుకి తుడుచుకుని కిందికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేడ మీదికి వచ్చినా నీళ్ళ పళ్ళెం నింపి, కాసేపు చూసి వెళ్ళేది. పెట్టెల వెనక్కి వెళ్ళేది కాదు.

కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. తేనెటీగలు పెంచేవాళ్ళ ఫోన్ గ్రూపు ఒకటుంది. అందులో పెద్దనాన్న తన గీతలు పెడితే అందరూ ఆహా అన్నారు, మాక్కూడా ఆ లెక్కలు ఇవ్వండి కాటాగారూ అన్నారు. ఆహా అన్నాక ఆయన్ని ఎవరు ఆపగలరు? ప్యాకేజీ కడతానన్నాడు. ప్యాకేజీ అంటే పార్సిల్ కాదు. లెక్కలూ వాటిని గీసే కోడ్ కలిపి ఒకటే మూటగా కట్టడం. ఎవరైనా ఆ మూట తమ కంప్యూటర్లోకి దించుకుని, పెట్టె పేరు కొడితే ఆ పెట్టె గీత వచ్చేయాలి.

ఒక్కో పెట్టెకీ విడిగా కోడ్ రాసుకుంటే ఏ తంటా లేదు. కానీ ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడమంటే పెద్దనాన్నకి ఒళ్ళు మంట. అందుకని పేర్లన్నీ ఒక వరసలో పెట్టి, కంప్యూటరుని ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ పెట్టె లెక్కలు చదివి, ఆ పేరుతోనే దాచుకుంటూ పొమ్మన్నాడు. చదవడం బాగానే చదివింది. దాచడం దగ్గర మొండికేసింది. మొదటిసారి దాచిన ఫైలు తెరిస్తే అందులో బరువులు లేవు, 'రౌడీ' అనే మాట ఒక్కటే ఉంది. ఈ పేరుతో దాచమ్మా అంటే, అది ఆ పేరునే దాచిపెట్టింది.

అప్పటికి నేను ఉద్యోగానికి పక్క ఊరు వెళ్ళిపోయాను. పెద్దనాన్న ఫోన్ చేసి ఒకటే తిట్టడం. నన్ను కాదు, కంప్యూటర్ని.

"పెట్టె తెరిస్తే తేనె లేదురా, పెట్టె పేరు ఉంది. పెళ్ళికి పిలిస్తే శుభలేఖ ఒక్కటే వచ్చి భోజనానికి కూర్చున్నట్టు!"

రెండ్రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతులో పండగ. దారి దొరికిందట. చదివిన లెక్కల్ని ముందు 'పెట్టె' అనే పేరులో పోసి, ఆ 'పెట్టె'ని దాచమన్నాడు. ఫైలు పైన మాత్రం ఎవరి పేరు వాళ్ళకి రాయించాడు. ఒక్కో ఫైలూ విడిగా తెరిచి చూశాడు. బరువులు సరిగ్గా ఉన్నాయి. మూట కట్టేటప్పుడు ఆర్ ఒక వార్నింగ్ ఇచ్చింది, ఒకే పేరుతో ఒకటికి మించి వస్తున్నాయి, చూసుకో అని.

"వార్నింగే కదరా, ఎర్రర్ కాదుగా. మీ పెద్దమ్మ రోజూ ఇస్తుంది వార్నింగులు, సంసారం ఆగిందా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. జోకు బాగుంది మరి.

ఆ సెలవులకి నేను వెళ్ళేసరికి పూలు లేని కాలం నడుస్తోంది. మేడ మీద గదిలో టీ తాగుతూ ముగ్గురం కూర్చున్నాం. పెద్దనాన్న ఇప్పుడు పాత ఫైళ్ళు విడిగా తెరవడం మానేశాడు, అన్నీ కొత్త ప్యాకేజీలోనే చూస్తున్నాడు. ఒక్కో పేరు కొడితే ఒక్కో పేజీ వస్తోంది, పైన పెద్ద అక్షరాలతో పెట్టె పేరు, కింద గీత.

"చిన్నకోడలు సంగతి చూడయ్యా. గుమ్మం దగ్గర సందడి తగ్గింది" అంది పెద్దమ్మ.

ఆయన పేరు కొట్టాడు. గీత పైకి పోతోంది. "చూడు, బరువు పెరుగుతోంది."

"ఈ కాలంలో పెరగడమేంటి? పూలెక్కడున్నాయి?"

"ఎక్కడో పూస్తుంటాయిలే."

"ఎక్కడ? నీ నెత్తి మీదా?" ఆయన బట్టతల వంక చూస్తూ అంది.

నాకు టీ పొలమారింది. పెద్దనాన్న మాత్రం నవ్వలేదు. గయ్యాళి పేరు కొట్టాడు, పెరుగుతోంది. నిద్రమొహం, అదీ పెరుగుతోంది.

"నిద్రమొహం కూడానా? అదెప్పుడు లేచిందట?" అంది ఆవిడ. తర్వాత మెల్లగా, "ఒక్కసారి ఎత్తి చూడనా?" అని అడిగింది.

"మళ్ళీ మొదటికొచ్చావా? సున్నా జరుగుతుందే. రేపో ఎల్లుండో గ్రూపువాళ్ళకి పంపాలి. మనిషి అబద్ధం ఆడతాడు గానీ..."

"కాటా ఆడదు" అని నేనూ పెద్దమ్మా కలిసి పూర్తిచేశాం. ఆవిడ కప్పులు తీసుకుని లేచింది. మెట్లు దిగబోతూ ఆగి చిన్నకోడలి వంక ఒకసారి చూసింది. వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఒక పొద్దున్న ఆవిడ మేడ మీది నుంచి పెద్దనాన్నని పిలిచింది. ఎప్పుడూ పిలిచే పిలుపు కాదది. మేమిద్దరం పైకి పరిగెత్తాం. చిన్నకోడలి మూత తీసి ఉంది. లోపల అలికిడి లేదు. మైనపు గదులు ఖాళీగా పొడిగా ఉన్నాయి, ఆ గదుల్లోకి తలలు దూర్చి, వెనక భాగాలు మాత్రం బయటికి కనిపిస్తూ, వరసలు వరసలుగా ఈగలు చచ్చిపోయి ఉన్నాయి. ఆకలితో పోయే ఈగలు అలాగే పోతాయట. అడుగున ఒక్క చుక్క ఉందేమోనని ఆఖరుదాకా వెతుక్కుంటాయట.

"బరువు పెరిగిందే..." అన్నాడు పెద్దనాన్న.

పెద్దమ్మ ఆయన వంక చూడలేదు. ఒక్కో చట్రమూ బయటికి తీసి గోడకి ఆనించి పెట్టింది. ఖాళీ పెట్టెని రెండు చేతులతో ఎత్తి, అలాగే కాసేపు పట్టుకుని నిలబడింది.

"ఏదో రోగం అయ్యుంటుంది" అని ఆయన రెండు మూడు రోజులు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. పెద్దమ్మ మిగతా మూడు పెట్టెలకీ, ఎవర్నీ అడక్కుండా, పాకం పెట్టేసింది. గయ్యాళీ నిద్రమొహమూ ఆవురావురుమంటూ తాగాయి. అది చూసైనా ఆయనకి తెలియాల్సింది. తెలియలేదో, తెలుసుకోవడం ఇష్టం లేదో, ఆ లెక్క నా దగ్గర లేదు.

గుట్టు బయటపెట్టింది ఎండ. మేడ మీద గది కిటికీకి తెర లేదు, మధ్యాహ్నం ఎండంతా లోపలికే. గ్రూపువాళ్ళ కోసం పెద్దనాన్న పల్చటి కాగితాల మీద అచ్చువేసుకున్న గీతల్ని పెద్దమ్మ తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి తెరలా టేపుతో అంటించింది. ఇక వాటితో ఆవిడకి అంతకన్నా పనేముంది? మధ్యాహ్నం పెద్దనాన్న గదిలోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. ఎండ కాగితాల్లోంచి వస్తోంది. పైన పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. కింద గీత మాత్రం ఒక్కటే ఉంది. నాలుగు కాగితాల్లో ఒకే గీత, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"ఒరేయ్, ఇలా రా" అన్నాడు. ఆ గొంతు విని నేను జోకు వేయలేదు.

ఆయనకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫైలు పైన రాసిన పేరుతో ఆర్‌కి పనిలేదు. లోపల వస్తువు, అంటే ఆ లెక్కలు, ఏ పేరుతో ఉంటే అదే దాని పేరు. లోపల అన్నిటి పేరూ 'పెట్టె'. ఫైళ్ళని విడిగా తెరిస్తే ఎవరి లెక్కలు వాళ్ళవే, మూట కట్టేసరికి ఆ పేరుకి చోటు ఒక్కటే. ఒకటి వచ్చి కూర్చుంటే, రెండోది దాన్ని నెట్టేసి కూర్చుంది. ఇంగ్లీషు అక్షరాల వరసలో అందరికన్నా వెనక వచ్చేది రౌడీ. వాడే మిగిలాడు. ఏ పేరు కొట్టినా పలికింది వాడే.

"అన్ని పెట్టెల్లోనూ వాణ్ణే కూర్చోబెట్టానురా" అన్నాడు.

సరైన దారి రెండు ముక్కల్లో ఉంది. ముందు కంప్యూటరుతో, ఈ లెక్కలకి ఈ పేరు అంటించు అనాలి. అప్పటికప్పుడు మారే పేరైనా సరే అంటిస్తుంది, దానికి వేరే ఆజ్ఞ ఉంది. తర్వాత దాచేటప్పుడు వస్తువుని చూపించకుండా, ఫలానా పేరుగల వస్తువుని దాచు అనాలి. అప్పుడు పేరుతో సహా దాచుతుంది. ఆ రెండు ముక్కలూ రాసి మళ్ళీ మూట కట్టాడు. ఈసారి వార్నింగ్ రాలేదు. చిన్నకోడలు అని కొట్టాడు.

గీత దిగుతోంది. మెట్లు దిగినట్టు, రోజు రోజుకీ కొంచెం కొంచెం. సెన్సర్ ఒక్క గంట కూడా తప్పలేదు. ఆకలేస్తోంది, ఆకలేస్తోంది అని గంట గంటకీ చెబుతూనే ఉంది. ఆయన దాని పక్కన రౌడీ గీత పెట్టాడు. అది దిగడం మొదలైన చోటే ఇది ఎక్కడం మొదలైంది. పూలు ఎక్కడా పూయలేదు. రౌడీ బరువు చిన్నకోడలి తేనె. ఆ తేనెనే చూసి మా పెద్దనాన్న, చిన్నకోడలు బరువు పెరుగుతోందని పెద్దమ్మకి చెప్పాడు.

"కాటా అబద్ధం ఆడలేదు" అన్నాడు. ల్యాప్‌టాప్ మూత దించి, "నేనే ఆడాను" అన్నాడు.

కిందికి వెళ్ళి పెద్దమ్మకి చెప్పాడు. వంటగది గుమ్మంలో నిలబడి, ఫైళ్ళూ పేర్లూ వార్నింగూ అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. ఆవిడ గిన్నె తోముతూ విన్నది.

"ఆ రోజు నేను ఎత్తనా అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలీదయ్యా. అదివరకెప్పుడైనా నిన్ను అడిగి ఎత్తానా?" అంది. "నా చేతులు నా దగ్గరే ఉన్నాయి కదా. ఎవరైనా కట్టేశారా? నువ్వు వద్దన్నావు, నేను మానేశాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్లకి సిద్ధపడే వచ్చాడు. లోపలికి వచ్చి, తోమిన గిన్నెల్ని ఒక్కోటే తుడిచి బోర్లించాడు.

ప్యాకేజీ గ్రూపువాళ్ళకి వెళ్ళింది. ఎవరో అడిగారు, కాటాగారూ, చిన్నకోడలు లెక్కలు మధ్యలో ఆగిపోయాయి, పూర్తికాని లెక్కలు ఎందుకు, తీసేయకూడదా అని. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం కొడుతూ జవాబు రాశాడు. "పూర్తయ్యాయి. అంతవరకే." ఇంకేం రాయలేదు. మామూలుగా ఆయన జవాబులు చదవాలంటే సెలవు పెట్టాలి.

నేను తిరిగి వెళ్ళే రోజు సాయంత్రం ముగ్గురం మేడ మీదికి ఎక్కాం. చిన్నకోడలు ఉన్న చోట గచ్చు మీద నలుచదరపు మరక ఉంది, సెన్సర్ వైరు కొస అక్కడే చుట్టచుట్టి ఉంది. పెద్దమ్మ నీళ్ళ పళ్ళెం నింపుతోంది.

"నిద్రమొహాన్ని ఒకసారి ఎత్తి చూడవే" అన్నాడు పెద్దనాన్న.

"సున్నా జరుగుతుంది."

"జరగనీ."

ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, పెట్టె వెనక్కి వెళ్ళింది. అడుగున నాలుగు వేళ్ళు పెట్టి ఇంత ఎత్తు లేపింది. దించింది. మళ్ళీ లేపింది. ఈసారి కళ్ళు మూసుకుంది. మేమిద్దరం ఆవిడ మొహంలోకే చూస్తున్నాం.

"తెలీట్లేదయ్యా" అంది. "ఎత్తి చాలా రోజులైంది. ఉందో లేదో చెయ్యి చెప్పట్లేదు. నీ దాంట్లో చూసి చెప్పు."

పెద్దనాన్న ఫోను జేబులోనే ఉంది, లెక్కలు ఇప్పుడు అందులోకీ వచ్చేట్టు పెట్టుకున్నాడు. పేరు కొడితే ఇప్పుడు నిజమైన బరువే వస్తుంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"మళ్ళీ ఎత్తు" అన్నాడు.